రాళ్ల ఉప్పులో మగ్గించే హక్కా కోడి: ఇంట్లో ఎలా చేయాలి

హక్కా నూడుల్స్ మన ఊళ్లలో సాయంత్రం వెలిసే ప్రతి ఫాస్ట్‌ఫుడ్ బండి మీదా దొరుకుతాయి. అందువల్లనేమో, పాఠకులు పదేపదే ఒకే సంగతి అడుగుతున్నారు. హక్కాలు అనేవాళ్లు నిజంగా ఉన్నారా? ఉంటే వాళ్ల ఇళ్లలో ఏం వండుకుంటారు? అందులో ఏదైనా మన వంటింట్లో, మన అంగట్లో దొరికే సరుకులతో చేయవచ్చా?

మొదటి రెండు ప్రశ్నలకు క్లుప్తంగా జవాబు చెప్పి పనిలోకి దిగుదాం. హక్కాలు చైనాలో ఒక పెద్ద జనసమూహం. ఉత్తరాది నుంచి శతాబ్దాల తరబడి విడతలు విడతలుగా దక్షిణానికి వలస వచ్చి, గ్వాంగ్‌డాంగ్, ఫుజియాన్, జియాంగ్‌షీ రాష్ట్రాల కొండప్రాంతాల్లో స్థిరపడ్డారు. వాళ్లది వేరే భాష, వేరే వంట. అక్కడి నుంచి మలేషియా, ఇండోనేషియా, మారిషస్ దాకా వెళ్లారు, మన కోల్‌కతాకూ వచ్చారు. అక్కడి టాంగ్రా పేటలో తోళ్ల పరిశ్రమ నడిపినవాళ్లలో ఎక్కువమంది హక్కాలే. ఆ టాంగ్రాలోనే భోజనశాలలు వెలిశాయి, మనం ఇండియన్ చైనీస్ అంటున్న వంట పెరిగింది. క్యాప్సికమ్, సోయా సాస్, వెనిగర్ వేసి పెద్ద మంట మీద ఎగరేసే నూడుల్స్ ఆ దారిలో వచ్చినవే. హక్కాల సొంత గడ్డ మెయ్‌జౌలో మాత్రం పొద్దున్నే తినే నూడుల్స్‌లో పందికొవ్వు, వేయించిన వెల్లుల్లి, ఉప్పు, కాసిని ఉల్లికాడలు తప్ప పెద్దగా ఏమీ ఉండవు.

మూడో ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం. హక్కా వంటల్లో మనకు అన్నిటికంటే సులువుగా అందేది ఉప్పులో మగ్గించే కోడి. చైనాలో దీన్ని యెన్ జూ జీ అంటారు. దోంగ్‌జియాంగ్ నది ఒడ్డున ఉన్న హుయ్‌జౌ ప్రాంతం దీనికి పేరుపొందింది. కోడిని కాగితంలో చుట్టి, కాల్చిన రాళ్ల ఉప్పులో పాతిపెట్టి, ఆ వేడితోనే ఉడికిస్తారు. నీళ్లు ఉండవు, గ్రేవీ ఉండదు. మసాలా అన్నది కూడా దాదాపు లేనట్టే. చక్కగా కుదిరితే చర్మం పల్చగా, బంగారు వన్నెలో బిగువుగా ఉంటుంది. మాంసం తన రసంలో తానే ఉడికి, విడదీస్తుంటే పోగులు పోగులుగా వస్తుంది. ఇన్ని కిలోల ఉప్పులో ఉడికినా కోడి ఉప్పగా ఉండదు. ఉప్పగా ఉందంటే పొట్లం ఎక్కడో చిరిగిందన్నమాట.

మొదలుపెట్టే ముందు ఒక్క మనవి. కారం, గరం మసాలా, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించాలని చెయ్యి లాగుతుంది. మొదటిసారికి వద్దు. ఈ వంటకు రుచినిచ్చేవి పొడిగా ఆరిన కోడి, బాగా కాగిన ఉప్పు, ఒకే ఒక్క దుంప. వాటి మీద నమ్మకం ఉంచండి.

కావలసినవి

- కోడి: ఒకటి. శుభ్రం చేశాక, చర్మంతో సహా 1 కిలో నుంచి 1.2 కిలోల వరకు
- రాళ్ల ఉప్పు: 3 కిలోలు
- మెత్తటి ఉప్పు: కోడికి పట్టించడానికి రెండు చెంచాలు, తలకొట్టి (సుమారు 10 గ్రాములు), నంజుకునే ఉప్పునూనెకు ఇంకో చెంచా
- కచ్చోలం పొడి: మూడు చెంచాలు (దీని గురించి కింద వివరంగా చెప్పాను)
- అల్లం: బొటనవేలంత ముక్క, బిళ్లలుగా తరిగి
- ఉల్లికాడలు: నాలుగైదు
- అనాస పువ్వు: ఒకటి
- వేరుశనగ నూనె: నాలుగు పెద్ద చెంచాలు
- బేకింగ్ పేపర్: కోడిని మూడు పొరలు చుట్టేంత
- దళసరి ఇనుప మూకుడు, దానికి బిగువుగా కూర్చునే మూత
- ఉప్పు వేడి చేయడానికి ఇంకో ఇనుప బాండీ
- పొడవాటి పిడి ఉన్న ఇనుప గరిటె

ఉంటే మంచిది: మాంసంలో గుచ్చి వేడి చూసే థర్మామీటరు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకే దొరుకుతుంది. కోడి మాంసం తరచుగా వండేవాళ్లకు ఇది వృథా కొనుగోలు కాదు.

సరుకుల గురించి నాలుగు మాటలు

కోడి. దుకాణంలో అడగకపోతే చర్మం ఒలిచేసి ఇస్తారు. ఈ వంటకు చర్మం ఉండి తీరాలి. వేడినీళ్లలో ముంచి ఈకలు మాత్రమే తీసి ఇమ్మని ముందే చెప్పండి. కడుపు దగ్గర చిన్న గాటు పెట్టి లోపలివి తీయించండి, ముక్కలు కొట్టించవద్దు. నాటు కోడి అయితే మన దగ్గర మంట మీద కాల్చి పసుపు రాయడం అలవాటు. ఆ కాల్చిన వాసన పులుసుకు బాగుంటుంది గానీ ఇక్కడ కచ్చోలం పరిమళాన్ని మింగేస్తుంది. కాల్చవద్దని చెప్పండి.

చైనాలో ఈ వంటకు ఇంకా గుడ్లు పెట్టని పెట్టను ఎంచుకుంటారు. మీకు అలాంటి లేత నాటు పెట్ట దొరికితే అంతకంటే మంచిది లేదు. ముదురు పుంజును మాత్రం తేవద్దు. ముదురు మాంసం మెత్తబడాలంటే నీళ్లలో గంటల తరబడి ఉడకాలి. ఉప్పు వేడి ఆ పని చేయదు, తోలులా మిగులుతుంది. నాటుది దొరకకపోతే చిన్న బ్రాయిలర్ తీసుకోండి. కిలోన్నర దాటిన కోడి వద్దు. పైన మాంసం ఎండిపోతున్నా తొడ లోపల పచ్చిగానే ఉంటుంది.

ఉప్పు. రాళ్ల ఉప్పు, కల్లుప్పు, దొడ్డుప్పు అని మీ ప్రాంతంలో ఏ పేరుతో పిలిచినా సరే, సముద్రపు ఉప్పు గళ్లు కావాలి. నౌపడ, చినగంజాం మడుల నుంచి వచ్చే మామూలు రాళ్ల ఉప్పు చక్కగా పనికొస్తుంది. మెత్తటి ప్యాకెట్ ఉప్పు పనికిరాదు. అది గట్టిగా పేరుకుపోయి, వేడి సమంగా పాకదు, కాగితం సందుల్లోంచి జారి లోపలికి చేరుతుంది. ఖరీదైన గులాబీ రంగు ఉప్పు కొనడం దండగ, ఎందుకంటే ఈ ఉప్పు నోట్లోకి వెళ్లదు. వానాకాలంలో ఉప్పు చెమ్మగా ఉంటే ముందురోజు ఎండలో పరిచి ఆరబెట్టండి.

కచ్చోలం. చైనా వంటల్లో షా జియాంగ్ అనే చిన్న దుంప ఇది. అల్లం జాతిదే గానీ అల్లం ఘాటు ఉండదు. కర్పూరం, మిరియం కలిసినట్టుండే చల్లని పరిమళం. మలయాళీలు దీన్ని కచ్చోలం అంటారు, కేరళ సరుకులు అమ్మే దుకాణాల్లో ఎండు ముక్కలుగా దొరుకుతుంది. తెలుగులో చంద్రమూల అనే పేరుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం. మన సున్నిపిండిలో వేసే కచ్చూరాలు ఇవేనని కొందరు అంగడివాళ్లు చెబుతారు. కచ్చూరాల పేరుతో మన దగ్గర ఒకటికి మించిన దుంపలు అమ్ముతారు. పైగా నలుగుపిండి కోసం అమ్మేవి తినడానికి తగినంత శుభ్రంగా ఉంటాయని నమ్మకం లేదు. ప్యాకెట్ మీద కెంప్‌ఫెరియా గలంగా అనే శాస్త్రీయనామం ఉందో లేదో, ఆహార పదార్థంగా అమ్ముతున్నారో లేదో చూసి కొనండి. ఎండు ముక్కలు తెస్తే సన్నని సెగ మీద అరనిమిషం వెచ్చచేసి మిక్సీలో పొడి కొట్టి జల్లించుకోండి. దుంపరాష్ట్రం దీనికి బదులు కాదు, దాని రుచి వేరు.

ఎంత వెతికినా దొరక్కపోతే ఒకటిన్నర చెంచాల శొంఠి పొడిలో పావు చెంచా తెల్ల మిరియాల పొడి కలిపి వాడండి. అసలు పరిమళం రాదు, కానీ తినడానికి బాగానే ఉంటుంది.

కాగితం. బేకింగ్ పేపర్ తప్ప మరేదీ వద్దు. వార్తాపత్రిక సిరా మాంసానికి అంటుతుంది. మైనం పూసిన కాగితం కరుగుతుంది. అల్యూమినియం రేకు వాడితే ఆవిరి బయటికి పోయే దారి లేక చర్మం తడిసి మెత్తబడుతుంది, ఉప్పు తగిలి రేకుకు చిల్లులు కూడా పడతాయి. అరిటాకు సంగతి చాలామంది అడుగుతారు. ఆకు వాసన ఇష్టమైతే లోపలి పొరగా ఒకటి వేసుకోవచ్చు, బయట రెండు పొరలు కాగితమే ఉండాలి. నా మట్టుకు ఆ వాసన ఇక్కడ అనవసరం.

మూకుడు. దళసరి ఇనుపది. నాన్‌స్టిక్ పాత్రలో ఉప్పు కాల్చనే కాల్చవద్దు. ఆ వేడికి పూత పాడై పొగలు వస్తాయి. పల్చటి అల్యూమినియం గిన్నె వేడికి వంకరపోతుంది, ఉప్పు దాన్ని తినేస్తుంది. గాజు పాత్ర పగిలిపోతుంది.

చేసే విధానం

1. కోడిని ఆరబెట్టండి. కడిగాక లోపలా బయటా శుభ్రమైన గుడ్డతో తుడిచి, పళ్లెంలో జాలీ మీద పెట్టి, మూత లేకుండా ఫ్రిజ్‌లో ఒక రాత్రి ఉంచండి. కింద వేరే పదార్థాలకు తగలకుండా, దిగువ అరలో పెట్టాలి. ఇది అందరూ ఎగ్గొట్టే మెట్టు, వంట చెడేది కూడా ఎక్కువగా ఇక్కడే. చర్మం మీద తడి ఉంటే పొట్లంలో ఆవిరి నిండిపోయి, ఉప్పులో మగ్గిన కోడికి బదులు ఇడ్లీ పాత్రలో ఉడికిన కోడి వస్తుంది. వేలితో తాకితే చర్మం కాగితంలా పొడిగా అనిపించాలి. సమయం లేకపోతే ఫ్యాను కింద గంటసేపు ఉంచండి. అంతకంటే ఎక్కువసేపు పచ్చి మాంసాన్ని బయట ఉంచవద్దు, మన వేసవిలో అసలే వద్దు.

2. పట్టించండి. రెండు చెంచాల మెత్తటి ఉప్పు, రెండు చెంచాల కచ్చోలం పొడి, ఒక పెద్ద చెంచా నూనె కలపండి. మూడో వంతు కడుపు లోపల, మిగిలింది బయట రుద్దండి. తొడల మడతల్లో, రెక్కల కింద ఎక్కువ పట్టించండి. చర్మం చిరగకుండా రొమ్ము దగ్గర వేళ్లు దూర్చి చర్మం కిందా కాస్త రాయండి. లోపల అల్లం బిళ్లలు, ముడివేసిన ఉల్లికాడలు, అనాస పువ్వు పెట్టండి. ఫ్రిజ్‌లో ఇంకో గంట ఉంచి, వండడానికి అరగంట ముందు బయటికి తీయండి. మంచులా చల్లగా ఉన్న కోడిని ఉప్పులో పెడితే ఉప్పు వేడినంతా అదే లాగేసుకుంటుంది.

రంగు కోసం చిటికెడు పసుపు వేయవచ్చా అంటే, వేయవచ్చు. చైనాలో ఈ వంట కోసం అమ్మే కొన్ని పొడుల్లోనూ పసుపు ఉంటుంది. చిటికెడు దాటితే మాత్రం పసుపు వాసనే మిగులుతుంది.

3. పొట్లం కట్టండి. కోడి రెక్కలు వెనక్కి మడిచి, కాళ్లు లోపలికి ముడవండి. కాలి ఎముక మొన బయటికి పొడుచుకుని ఉంటే కాగితం చీలుస్తుంది, అక్కడ చిన్న కాగితపు మడత అడ్డం పెట్టండి. మొదటి కాగితానికి నూనె రాసి, కోడిని రొమ్ము పైకి ఉండేలా పెట్టి గట్టిగా చుట్టండి. రెండో పొర అడ్డంగా, మూడో పొర మళ్లీ నిలువుగా. మడతల కొసలన్నీ కోడి రొమ్ము వైపు, అంటే పైవైపు ఉండాలి. అడుగున మడత ఉంటే కారిన రసం అందులోంచి ఉప్పులోకి దిగుతుంది. పొట్లాన్ని నూలు దారంతో కట్టండి. ప్లాస్టిక్ దారం, స్టేప్లరు పిన్నులు వద్దు.

చుట్టడం అయ్యాక పొట్లాన్ని వెలుతురుకు పట్టి నాలుగు వైపులా చూడండి. ఎక్కడైనా చిరుగు కనిపిస్తే ఇంకో పొర వేయండి. ఉప్పులోకి వెళ్లాక సరిచేయడం కుదరదు.

4. ఉప్పు కాల్చండి. మూడు కిలోల ఉప్పునూ రెండు పాత్రల్లోకి పంచి పెద్ద మంట మీద పెట్టండి. గరిటెతో అడుగు నుంచి పైకి తిప్పుతూ ఉండండి. కొద్దిసేపటికి ఉప్పు చిటపటలాడడం మొదలవుతుంది. గళ్లలో చిక్కుకున్న నీటి తడి వేడికి పగిలి బయటపడే చప్పుడది. ఉప్పు రవ్వలు కళ్లలోకి ఎగురుతాయి, ముఖం దూరంగా ఉంచండి, కళ్లద్దాలుంటే పెట్టుకోండి. పిల్లలను వంటింట్లోకి రానివ్వవద్దు.

ఎప్పుడు చాలు అన్నది చెప్పడం కొంచెం కష్టమే. మూడు గుర్తులు చూడండి. చిటపటలు బాగా తగ్గిపోవాలి. తెల్లటి ఉప్పు కాస్త బూడిదరంగుకో లేత గోధుమరంగుకో తిరగాలి. ఒక కాగితం ముక్కను ఉప్పులో గుచ్చి పది లెక్కపెట్టి తీస్తే అంచు గోధుమరంగుకు మారాలి. నల్లబడి పొగ వస్తే వేడి మితిమీరింది, మంట తీసి రెండు నిమిషాలు తిప్పండి. తెల్లగానే ఉంటే ఇంకా కాలాలి. మామూలు గ్యాస్ పొయ్యి మీద దీనికి పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. దూరం నుంచి వేడి కొలిచే థర్మామీటరు ఉంటే 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఆపండి.

హెచ్చరిక: కాగిన ఉప్పు చూడడానికి చల్లటి ఉప్పులాగే ఉంటుంది. ఆవిరి ఉండదు, ఎర్రబడదు. చెయ్యి పెడితే కాగిన నూనె మీద పడినంత గాయం అవుతుంది. దాని మీద నీళ్లు చిలకరించవద్దు. మూడు కిలోల ఉప్పు, కోడి, ఇనుప మూకుడు కలిస్తే బరువు బాగానే ఉంటుంది. పొయ్యి ఊచల మీద మూకుడు కదలకుండా కూర్చుందో లేదో ఖాళీగా ఉన్నప్పుడే చూసుకోండి.

5. పాతిపెట్టండి. పెద్ద మూకుడులో మూడు వేళ్ల మందాన వేడి ఉప్పు పరిచి ఉంచి, మిగతాది రెండో బాండీలోకి తీయండి. పొట్లాన్ని రొమ్ము పైకి ఉండేలా మెల్లగా పెట్టండి. విసిరేసినట్టు పెడితే గళ్లు గుచ్చుకుని కాగితం చిరుగుతుంది. తర్వాత చుట్టూ, ఆపైన మీద, మిగిలిన వేడి ఉప్పు గరిటెతో పోయండి. పొట్లం ఎక్కడా బయటికి కనిపించకూడదు, మీద కనీసం ఒక వేలు మందాన ఉప్పు ఉండాలి. మూత పెట్టి, మంటను అన్నిటికంటే తక్కువకు తగ్గించండి.

6. మగ్గనివ్వండి. సన్నని సెగ మీద 45 నిమిషాలు. పాతిక నిమిషాలు గడిచాక ఒక్కసారి మూత తీసి, ఉప్పుకు జానెడు పైన అరచెయ్యి చాపి చూడండి. గట్టి సెగ తగలకుండా గోరువెచ్చగా అనిపిస్తే పైపైన ఉన్న ఉప్పును గరిటెతో రెండో బాండీలోకి తీసి, పెద్ద మంట మీద ఐదు నిమిషాలు మళ్లీ కాల్చి పోయండి. మన ఇళ్లలో సన్నని సెగ అడుగుకే అందుతుంది, పైన ఉప్పు త్వరగా చల్లారుతుంది. వీపు వైపు ఉడికి రొమ్ము వైపు పచ్చిగా ఉండడానికి కారణం ఇదే. పొట్లాన్ని తిరగేయడానికి ప్రయత్నించవద్దు, రసం కారి కాగితం అప్పటికే మెత్తబడి ఉంటుంది.

45 నిమిషాలయ్యాక మంట ఆపి, మూత తీయకుండా ఇంకో 15 నిమిషాలు వదిలేయండి.

7. తవ్వి తీయండి. పైన ఉప్పును గరిటెతో పక్కకు తీసి, మెత్తటి కుంచెతో పొట్లం మీద అంటుకున్న గళ్లను దులిపేయండి. ఈ రెండు నిమిషాల ఓపిక లేకపోతే విప్పుతుంటే ఉప్పంతా కోడి మీద రాలుతుంది. రెండు వెడల్పాటి గరిటెలు కిందికి దూర్చి పొట్లాన్ని లోతైన పళ్లెంలోకి ఎత్తండి. పై పొర కాగితం తీసి పడేసి, పళ్లెం మార్చి, అప్పుడు లోపలి పొరలు విప్పండి. లోపల చేరిన రసాన్ని జాగ్రత్తగా గిన్నెలోకి వంచుకోండి. దాన్ని పారబోస్తే సగం రుచి పారబోసినట్టే.

ఉడికిందో లేదో ఎలా తెలుస్తుంది

తొడ, ఒళ్లు కలిసే చోట, ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపాలి. ఆ పరికరం లేనివాళ్లు అక్కడే కత్తి మొన గుచ్చి చూడండి. కారే రసం తేటగా ఉండాలి, గులాబీ రంగు ఉండకూడదు. కాలు పట్టి తిప్పితే కీలు సులువుగా కదలాలి. లేత కోడి ఎముక దగ్గర ఎర్రటి ఛాయ ఉండవచ్చు. మాంసం గట్టిపడి తెల్లబడి, రసం తేటగా ఉంటే అది మూలుగు రంగే. హోటళ్లలో కొన్నిచోట్ల ఎముక దగ్గర కాస్త పచ్చిగా ఉంచడం ఇష్టపడతారని విని మీరూ అలా వదిలేయవద్దు.

ఉడకలేదని తేలితే మళ్లీ ఉప్పులో పాతవద్దు, విప్పిన పొట్లం ఇక ఉప్పును ఆపదు. పళ్లెంలో పెట్టి, ఆవిరి పాత్రలో పది పదిహేను నిమిషాలు ఉంచి మళ్లీ చూడండి. చర్మం బిగువు కొంత పోతుంది, రుచి పోదు.

ఎలా తినాలి

కత్తితో ముక్కలు కొట్టవద్దు. చెయ్యి పట్టేంత చల్లారాక చర్మాన్ని, మాంసాన్ని వేళ్లతో పోగులుగా చీల్చండి. పాతకాలపు పద్ధతిలో ఎముకలను అడుగున పేర్చి, వాటి మీద మాంసం, ఆపైన చర్మం సర్ది, మళ్లీ కోడి ఆకారంలో పళ్లెంలో పెడతారు.

దీనితో నంజుకోవడానికి ఒక ఉప్పునూనె ఉండాలి. ఒక చెంచా మెత్తటి ఉప్పును పొడి మూకుడులో వేయించి దించండి. మిగిలిన చెంచా కచ్చోలం పొడి కలిపి, మూడు పెద్ద చెంచాల వేరుశనగ నూనె కాచి దాని మీద పోయండి. మంట మీద ఉండగా పొడి వేస్తే మాడి చేదెక్కుతుంది. పొట్లంలో దొరికిన రసం రెండు మూడు చెంచాలు ఇందులోనే కలపండి. మొత్తం ఒకేసారి కోడికి పట్టించకుండా పక్కన పెట్టుకుని అద్దుకుంటూ తినండి, ఉప్పు మీ చేతిలో ఉంటుంది. హక్కాలు నూనెకు బదులు పందికొవ్వు వాడతారు, కొందరు నువ్వుల నూనె చుక్కలు వేస్తారు. చైనా నువ్వుల నూనె వేయించిన నువ్వులతో తీసింది. మన గానుగ నూనె రుచి వేరు కాబట్టి దాన్ని ఇక్కడ వాడకపోవడమే నయం.

పక్కన వేడి అన్నం, ఉప్పునీళ్లలో ఒక పొంగు రానిచ్చిన ఆకుకూర చాలు. మిగిలిన రసం అన్నంలో కలుపుకోండి.

తరచుగా జరిగే పొరపాట్లు

మాంసం ఉప్పు కషాయంలా ఉంది: కాగితం చిరిగింది, లేదా మెత్తటి ఉప్పు వాడారు, లేదా పట్టించేటప్పుడు చెయ్యి జారింది. మాంసాన్ని పోగులు చేసి, ఉప్పునూనె లేకుండా అన్నంలోనో జావలోనో కలుపుకుని తినవచ్చు.

చర్మం జిగటగా, తెల్లగా ఉంది: కోడి ఆరలేదు, లేదా ఉప్పు తగినంత కాలలేదు. ఈ రెండూ ఒకేసారి జరగడం కూడా మామూలే.

అడుగు మాడింది: అడుగున ఉప్పు పల్చగా ఉంది, లేదా మూత పెట్టాక మంట తగ్గించలేదు.

రొమ్ము పీచులా ఎండింది: కోడి మరీ చిన్నది. 800 గ్రాముల కోడికి సన్నని సెగ మీద 35 నిమిషాలు చాలు, విరామం మాత్రం అదే 15 నిమిషాలు.

కోడి బాగుంది గానీ వాసన ఏమీ లేదు: కచ్చోలం పొడి పాతది. ఈ పొడి డబ్బాలో కొన్ని నెలలుంటే పరిమళం పోతుంది. ముక్కలుగా దాచుకుని, కావలసినప్పుడు పొడి కొట్టుకోవడం మంచిది.

ఇంత హంగు కుదరకపోతే

మొదటిసారే మొత్తం కోడికి భయపడితే చర్మం ఉన్న రెండు లెగ్ పీసులతో మొదలుపెట్టండి. ఒక్కొక్కటీ పావుకిలో ఉంటే, విడివిడిగా చుట్టి, కిలోన్నర ఉప్పులో 30 నిమిషాలు సన్నని సెగ, 10 నిమిషాలు విరామం. ఉప్పు ఎంత కాలాలో, మీ పొయ్యి సన్నని సెగ ఎంత బలంగా ఉందో దీనితో తెలిసిపోతుంది. నేనైతే అందరికీ ఇదే దారి చెబుతాను.

ఓవెన్ ఉన్నవాళ్లకు పని ఇంకా సులువు. పొయ్యి మీదే ఉప్పు కాల్చి, దళసరి ఇనుప పాత్రలో కోడిని పాతి, ముందే వేడెక్కిన ఓవెన్‌లో 200 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచండి, 15 నిమిషాలు విరామం ఇవ్వండి. వేడి అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి మధ్యలో ఉప్పు మార్చే పని లేదు.

రైస్ కుక్కర్ పద్ధతి చైనాలోనూ ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది. కుక్కర్ అడుగున నూనె రాసి, అల్లం బిళ్లలు, ఉల్లికాడలు దళసరిగా పరిచి, పైన చెప్పినట్టే పట్టించిన కోడిని వాటి మీద పెట్టి, నీళ్లు పోయకుండా మీట నొక్కుతారు. మీట పైకి లేచాక పది నిమిషాలు ఆగి, కోడిని తిరగేసి మళ్లీ నొక్కాలి. రెండోసారీ అయ్యాక వేడి కొలిచి చూసుకోండి. రుచి దగ్గరగానే ఉంటుంది. చర్మానికి ఆ బిగువు రాదు, మాంసం కాస్త నీరు పట్టినట్టుంటుంది. పనిరోజుల్లో ఇది చాలు, పండుగ రోజున ఉప్పు కాల్చండి.

మలేషియాలో ఉన్న తెలుగువారికి ఒక సూచన. ఇపో పట్టణంలో ఈ కోడిని కాగితపు పొట్లాల్లోనే అమ్ముతారు, కొనుక్కుని ఇంటికి తీసుకుపోతారు. వండే ముందు ఒక్కసారి అక్కడ తిని చూస్తే చర్మం ఎలా ఉండాలో, మాంసం ఎంత తడిగా ఉండాలో నాలుకకు తెలుస్తుంది. ఇపోలో మూలికల సువాసన ఎక్కువగా ఉండే రకం కూడా ఉంది, దానికీ పైన చెప్పిన పద్ధతికీ తేడా ఉంటుంది.

ఉప్పును ఏం చేయాలి

కోడి తీశాక ఉప్పు ఇంకా వేడిగానే ఉంటుంది. ఉడికించిన కౌజుపిట్ట గుడ్లను పెంకుతోనే, తడి తుడిచి, అందులో పాతి మూత పెట్టి అరగంట వదిలేయండి. మెయ్‌జౌ వైపు ఉప్పులో మగ్గిన ఈ గుడ్లు చిరుతిండిగా అమ్ముతారు. మాంసం తినని ఇళ్లలో చిలగడదుంపలను తొక్కతో సహా కాగితంలో చుట్టి, కొత్త ఉప్పులో ఇలాగే మగ్గించుకోవచ్చు. మధ్యరకం దుంపకు ముప్పావుగంట పడుతుంది, పుల్ల గుచ్చితే సాఫీగా దిగాలి.

రసం కారి తడిసి ముద్దలైన ఉప్పును పడేయండి. మిగతాది పూర్తిగా చల్లారాక జల్లించి, గాలి చొరని డబ్బాలో పోసి, వంటకు వాడేది కాదని చీటీ అంటించి దాచండి. ఇంకో రెండు మూడుసార్లు పనికొస్తుంది. నల్లబడినా, మాడు వాసన వచ్చినా మార్చండి. పారేసే ఉప్పును మొక్కల మొదట్లో పోయవద్దు, మట్టి చవుడు బారుతుంది. చెత్తతో పాటు సంచిలో కట్టి ఇచ్చేయండి.

మూకుడును మాత్రం ఆ రాత్రే గోరువెచ్చని నీళ్లతో కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, నూనె రాసి పెట్టండి. ఉప్పు అంటిన ఇనుము తెల్లారేసరికి తుప్పు పడుతుంది.

మిగిలిన మాంసాన్ని రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు ఉంటుంది. ఎముకలను అల్లం ముక్కతో, ముల్లంగి ముక్కలతో గంటసేపు మరిగిస్తే మంచి చారు వస్తుంది. ముందే ఉప్పు పట్టిన ఎముకలు కాబట్టి రుచి చూశాకే ఉప్పు వేయండి.